వంశం గల మట్టి

అబూ ధారి గారి దివానియాలో నివసిస్తున్న షమ్మా అనే ఆడ ఉడుము గుడ్లు పెట్టడానికి ఏ మట్టి తగినదో నిర్ణయించే నిమిత్తం పెద్దలతో ఒక సంఘం ఏర్పాటైనదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. సంఘం మొదటి సమావేశంలో ఏలకులు వేసిన కాఫీ మూడు విడతలు తాగి, విషయం చాలా లోతైనదని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎంత లోతో మాత్రం తీర్మానంలో రాయలేదు. మూడడుగులు. తవ్వుకుని బతికే జంతువుకి మూడడుగుల మట్టి కావాలి. అది చెప్పడానికి నన్ను సంఘంలోకి తీసుకోలేదు. బస్తాలు మోయించడానికి తీసుకున్నారు.

నా పేరు కాజిం. కువైట్ శుక్రవారం సంతలో జంతువుల వరసలో ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. బోనులు, వెచ్చటి దీపాలు, ఎండు పురుగులు, పంజరాలు, వాటిలో పెట్టడానికి తగిన ప్రాణులు నా దగ్గర దొరుకుతాయి. షమ్మాని అబూ ధారి గారికి అమ్మింది నేనే.

దివానియా అంటే ఇంటి ముందుభాగంలో మగవాళ్ళు చేరే గది. గుమ్మం బయట ఎన్ని జతల చెప్పులున్నాయన్నదే ఆ ఇంటాయన విలువ. అబూ ధారి గారు మంత్రిత్వశాఖలో సంతకం పెట్టే కుర్చీలో ఉన్నన్నాళ్ళు సోమవారం సోమవారం అరవై జతలకి తగ్గలేదు. ఉద్యోగ విరమణ చేసిన మొదటి వారం నలభై, నెల తిరిగేసరికి పన్నెండు. ఆరు నెలలకి మూడు జతలు మిగిలాయి, అందులో ఒకటి ఆయనదే. స్నేహాలు సంతకంతో ముడిపడి ఉన్నాయని అనుకుంటే అది మన కుసంస్కారం. అందరికీ ఒకేసారి మోకాళ్ళ నొప్పులొచ్చాయి, అంతే.

అప్పుడు షమ్మా వచ్చింది. నాలుగడుగుల పొడవు, గోధుమరంగు చారలు, లోకాన్నంతా దస్త్రంలా చదివి పక్కన పడేసే చూపు. గోడ పొడవునా గాజు గది కట్టించారు. నెల్లాళ్ళలో చెప్పులు నలభై ఐదు జతలకి చేరాయి, మోకాళ్ళన్నీ బాగయ్యాయి. గాజు గదిలో నేలకి మాత్రం ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచారు. "ఇది ఉడుముకి నప్పదండీ" అన్నాను. "పరదాలకి నప్పింది కదా" అన్నారు.

ఇలా ఉండగా షమ్మా తిండి తగ్గించి, రాత్రీ పగలూ ప్లాస్టిక్ గడ్డిని గీకడం మొదలుపెట్టింది. డాక్టర్ నెర్మీన్‌ని పిలిపించారు. ఈజిప్టావిడ, మాటకి పూత పూయదు. పొట్ట తడిమి, ఎక్స్‌రే తీసి చూసి చెప్పింది.

"గుడ్లున్నాయి. పన్నెండు రోజులే గడువు. తవ్వుకోడానికి మట్టి దొరకలేదనుకోండి, గుడ్లు బయటికి వదలదు. లోపలే కుళ్ళి, దాన్ని చంపేస్తాయి."

"ఎలాంటి మట్టి డాక్టరమ్మా?" అన్నారు అబూ ధారి.

"బొరియ తవ్వితే కూలని మట్టి. అంతే."

ఇంత చిన్న జవాబుతో పెద్దమనుషులు తృప్తి పడతారా? సంఘం అందుకే ఏర్పడింది. ఉమ్ ధారి, అంటే ఇంటావిడ, లోపలి తలుపు వెనకనుంచి ఒకే మాట అన్నది. "నాకు నాలుగు పురుళ్ళయ్యాయి. ఒక్కదానికీ సంఘం వెయ్యలేదు." ఈ అభిప్రాయాన్ని సంఘం నమోదు చేసుకోలేదు.

ఇక్కడ నా వంతు పాపం చెప్పాలి. మా దగ్గర గుర్రానికి వంశముంది, ఒంటెకి వంశముంది, డేగకి పాస్‌పోర్టే ఉంది. కాబట్టి షమ్మాని కొనేటప్పుడు అబూ ధారి గారు అడిగిన మొదటి ప్రశ్న 'ఏం తింటుంది' అని కాదు.

"అసలు ఎక్కడిది?"

"దహ్నా ఎర్రిసుక తిన్నెలదండీ." మాట నోరు దాటేసింది. సౌదీ ఎడారిలోని ఆ తిన్నెల పేరు వినగానే ఆయన వెన్ను నిటారయింది.

"తల్లివైపు?"

దానికి నేను సిద్ధంగా లేను. ఎదురుగా కాలెండరు మీద సముద్రం బొమ్మ ఉంది. "తీరప్రాంతం" అన్నాను.

నిజానికి షమ్మా నా కొట్టు వెనక నీలం ప్లాస్టిక్ పీపాలో పుట్టింది. దాని తల్లి పక్క పీపాలో పుట్టింది. అమ్మడానికి ముందు షమ్మా జత కట్టిందీ ఆ పీపాల దగ్గరే. పీపాల్లో ఉన్నది మా వీధి రోడ్డు తవ్విన మట్టి. మా వీధిని మొదట నీళ్ళవాళ్ళు తవ్వుతారు, తర్వాత టెలిఫోన్‌వాళ్ళు తవ్వుతారు, ఆ తర్వాత మొదటివాళ్ళు మర్చిపోయిన పారకోసం ఇంకొకరు తవ్వుతారు. అందువల్ల మట్టికి కరువు లేదు. బంకమన్ను కొంత, ఇసుక కొంత, కంకర నుసి కొంత. తడిపి పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలుస్తుంది, బొటనవేలితో తోస్తే రెండుగా విరుగుతుంది, రాలదు. ఉడుముకి దాన్ని మించిన మేడ లేదు. పేరు చెప్పుకోడానికి లేదన్న ఒక్క లోపం తప్ప.

సంఘానికి అధ్యక్షుడు అబూ ముత్లక్. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. ఊళ్ళో ఎవరి తాత ఏ బావి దగ్గర గుడారం వేశాడో, ఏ గుడారం ఎందుకు ఎత్తేశాడో ఆయనకి తెలుసు. పెళ్ళి సంబంధం కుదరాలన్నా, చెడాలన్నా ఆయన తల ఊపాలి. ఉడుములగురించి ఆయనకి ఏమీ తెలియదు గనక నిష్పక్షపాతంగా ఉండగలరని అందరూ నమ్మారు.

"ఈ కాలంవాళ్ళు మట్టంటే కాలికింద పడుండేది అనుకుంటారు," అని ఆయన ప్రారంభోపన్యాసం చేశారు. "మట్టంటే రక్తం, నాయనలారా. దహ్నా రక్తం దహ్నాలోనే నిలుస్తుంది. వేరే మట్టిలో నిలిచిందంటే అది దహ్నా రక్తం కాదు. షమ్మా ఎందుకు గీకుతోంది? తన వాళ్ళని పిలుస్తోంది. దానికి కావలసింది మట్టి కాదు, తన వాళ్ళు."

సభ్యులు తలలు ఊపారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ దుఃఖం వచ్చింది, కారణం వేరు. మొదటి మూడు రోజులూ ఈ తీర్మానానికే సరిపోయాయి.

ఎర్రిసుక సరిహద్దు దాటి లారీలో వచ్చింది. సుంకం అధికారి ఇచ్చిన పత్రంలో 'సరుకు ఉపయోగం' అనే గడి ఉంది. సంఘం కార్యదర్శి అందులో నిజాయితీగా 'ప్రసవం' అని రాశాడు. అధికారి చదివి, ఇలాంటి సమయంలో ఆలస్యం మంచిది కాదని, తల్లీబిడ్డలు క్షేమంగా ఉండాలని దీవించి ముద్ర వేశాడు. ఇటుకల లారీ వెనక రెండు రోజులు పడుండాల్సిన సరుకు గంటలో బయటపడింది. దయగల పాలన అంటే ఇదే.

ఐదో రోజు గాజు గదిలో మూడడుగుల ఎర్రిసుక పోశారు. దీపం వెలుగులో కుంకుమపువ్వు రాశిలా ఉంది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. షమ్మా తవ్వింది. ఇసుక జారింది. మళ్ళీ తవ్వింది. మళ్ళీ జారింది. పంచదార డబ్బాలో బావి తవ్వినట్టుంది దాని పని. ఏడోసారికి తల మాత్రం ఇసుకలో దూర్చి, ఒళ్ళంతా బయట వదిలేసి పడుకుంది.

"వినయం," అన్నారు అబూ ముత్లక్. "పుట్టింటి మట్టికి నమస్కరిస్తోంది."

ఆరో రోజూ నమస్కారమే చేస్తుండటంతో సంఘం పునఃపరిశీలన జరిపి లోపం కనిపెట్టింది. తండ్రివైపువాళ్ళనే పిలిచాం, మేనమామల్ని మర్చిపోయాం. ఏ శుభకార్యమైనా ఇలా చేస్తే చెడిపోదా? వెంటనే తీరంనుంచి తెల్ల ఇసుక తెప్పించారు. అయితే పైన ఏది ఉండాలి? తండ్రివైపుది పైన ఉండాలని కొందరు, పురుడు మేనమామల బాధ్యత గనక వాళ్ళదే పైన ఉండాలని కొందరు. ఈ చర్చకి రెండు రోజులు పట్టింది. చివరికి ఎర్రది పైన, తెల్లది కింద అని రాజీ కుదిరింది. షమ్మా దాని మీద అటూ ఇటూ నాలుగుసార్లు నడిచేసరికి రెండూ కలిసిపోయి గులాబీరంగు వచ్చింది. ఏ వంశం ఎక్కడ ముగిసిందో గీత కనబడకుండా పోయినందుకు సంఘం తీవ్రంగా కలత చెందింది. బొరియ నిలవనందుకు కలత చెందడానికి సమయం చాలలేదు.

తొమ్మిదో రోజున ఒక సభ్యుడు ప్యాకెట్ ఇసుక తెద్దామన్నాడు. ఏడాదిలో రెండు వందల రోజులు వాన పడే ఏదో ఐరోపా దేశంలో తయారై వస్తుంది. 'అచ్చమైన అరేబియా ఎడారి' అని ప్యాకెట్ మీద ఉంటుంది, పక్కన రెండు మూపురాల ఒంటె బొమ్మ. మన ఒంటెలకి ఒక్కటే గదా అని ఎవరూ అడగలేదు. విదేశంవాళ్ళు రెండు రాశారంటే రెండోది మనకి కనబడటం లేదని అర్థం. ఆ ప్యాకెట్లు అమ్మేది నేనే. అడిగారు, ఇచ్చాను. గులాబీ ఇసుక మీద అదీ పోశారు. అదీ జారింది.

ఆ సాయంత్రం డాక్టర్ నెర్మీన్ నా కొట్టుకి వచ్చి, పంజరాల మధ్య ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"ఒంటె బొమ్మ ఇసుక నువ్వే ఇచ్చావట."

"అడిగారు డాక్టరమ్మా."

"విషం అడిగితే?"

"రసీదు రాయించుకుని ఇస్తాను."

ఆవిడ నవ్వలేదు. "అది నీ దగ్గరే పుట్టింది కదూ? దాని తల్లికి ఈ పెరట్లోనే మందు వేశాను, నాకు గుర్తుంది. ఏ మట్టి కావాలో నీకు తెలుసు."

"తెలుసు. చెబితే అది బతుకుతుంది, నేను చస్తాను. దహ్నా అని చెప్పి అమ్మాను."

"మూడు రోజులుంది కాజిం. మహా అయితే నాలుగు. ఆ తర్వాత నీ దహ్నాలోనే పాతిపెట్టండి." పీట పక్కకి తోసి వెళ్ళిపోయింది.

ఉడుము పోతే పోయింది, చెయ్యి దక్కింది అనుకునేవాడే వ్యాపారి. నేనూ అలాగే అనుకుని కొట్టు కట్టేశాను. తాళం వేస్తూ లెక్క మళ్ళీ చూసుకున్నాను. నిజం చెబితే ఒక ఖాతాదారు పోతాడు. చెప్పకపోతే ఒక ప్రాణం పోతుంది. ఖాతాదారులు మళ్ళీ దొరుకుతారు. ఇంత తేలిక లెక్కకి తొమ్మిది రోజులు తీసుకున్నందుకు నాకు నామీద గౌరవం తగ్గింది, కాని సంఘంతో పోలిస్తే నేను త్వరగానే తేల్చినట్టు.

పదో రోజు మధ్యాహ్నం వెళ్ళేసరికి దివానియాలో ఎవరూ లేరు. అబూ ధారి గారు తలపాగా తీసి పక్కన పెట్టి, గాజు గది తలుపు దగ్గర నేలమీద కూర్చున్నారు. చేతిలో పూరేడు గుడ్డు. షమ్మా కళ్ళు మూసుకుని పడుంది.

"మూడు రోజులైంది, నా చేతినుంచి తీసుకోవట్లేదు," అన్నారు. "ఇది పోతే సోమవారం ఎవరొస్తారు కాజిం?"

నేను షమ్మావైపు వంగి చూశాను.

"అది కూడా కాదులే. పొద్దున్నే నేను రాగానే తలెత్తి చూసేది. ఈ ఇంట్లో నేను గదిలోకి వస్తే తలెత్తి చూసేది ఇదొక్కటే."

చెప్పేశాను. ఆయన గుడ్డుని అటూ ఇటూ తిప్పుతూ విన్నారు.

"పీపాలోనా?"

"పీపాలోనండీ."

"తిన్నెలు?"

"లేవు."

"మరి తల్లి... తీరం?"

"పక్క పీపా."

గుడ్డు తిప్పడం ఆపారు. తిడతారేమోనని చెప్పులు ఎక్కడున్నాయో చూసుకున్నాను.

"ఈ మాట ఇంకెవరికి తెలుసు?"

"డాక్టరమ్మకి."

"ఆవిడ దివానియాకి రాదు." షమ్మావైపు చూశారు. "ఇది చెప్పదు. తెప్పించు. వెనక గేటునుంచి తెప్పించు. కింద ఎంతైనా పొయ్యి. పైన మాత్రం జానెడు ఎర్రిసుక ఉండాలి."

"ఉడుముకి పైన ఏముంటే ఏమిటండీ?"

"ఉడుముకి కాదయ్యా, నాకు," అన్నారు.

సాయంత్రానికల్లా పని ముగించాం. పాత ఇసుక తోడేసి, రోడ్డు మట్టిని తడిపి, కాళ్ళతో తొక్కి గట్టిపరిచాం, పైన పరువు పరిచాం. చూసేవాళ్ళకి అదే దహ్నా.

పదకొండో రోజు సోమవారం. గుమ్మం బయట యాభై రెండు జతలు. షమ్మాకి రోజులు దగ్గరపడ్డాయన్న వార్త పాకింది, ఎవరికీ మోకాళ్ళు నొప్పి పెట్టలేదు. అబూ ముత్లక్ మధ్యలో కూర్చుని జాతీయ వారసత్వంలో ఇసుక పాత్రగురించి మాట్లాడుతున్నారు. సరిగ్గా అప్పుడే షమ్మా లేచింది. ముందుకాళ్ళతో పరువుని రెండు దెబ్బల్లో పక్కకి నెట్టింది. మూడో దెబ్బకి మట్టి తగిలింది. తగిలిన మట్టి కూలలేదు.

ఇక ఆగలేదు. ముందుకాళ్ళతో తవ్వుతుంటే వెనక్కి మట్టి వాన పడుతోంది. మొదట ఎర్రది, తర్వాత బూడిదరంగుది, తర్వాత కంకర నుసి, సీసా మూత ఒకటి, నేలపలక ముక్క ఒకటి. యాభై రెండు మంది కాఫీ గిన్నెలు గాలిలోనే పట్టుకుని చూస్తున్నారు. చివరికి పిడికెడంత నల్లటి గడ్డ ఒకటి ఎగిరొచ్చి అద్దానికి ఠక్కున తగిలి పడింది. తారు. దాని మీద అడ్డంగా, చక్కగా, పసుపురంగు గీత.

అబూ ధారి గారి మొహం చూడలేకపోయాను.

"అది ఇలా తెండి," అన్నారు అబూ ముత్లక్.

తెచ్చిచ్చారు. ఆయన గడ్డని వెలుగుకి పట్టి చూశారు, వాసన చూశారు. మా వీధికి అవతలే ఆయన ఇల్లు. నలభై ఏళ్ళుగా మసీదుకి వెళ్ళేటప్పుడు ఆ పసుపు గీత దాటే వెళ్తారు. ఆయన బొటనవేలు నెమ్మదిగా జరిగి గీత మీద ఆగింది.

"దహ్నా అడుగుపొర," అన్నారు. "నల్లరాయి. మన తాతల కాలానికి ముందుది. ఎర్రిసుక దీనికి మనవడి వరస. నిజమైన వంశం ఎంత లోతుకి పోతుందో చూశారా?"

గడ్డ చేతులు మారింది. ఒకాయన కళ్ళకద్దుకున్నాడు. రోడ్ల పనుల్లో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా చేసి దిగిపోయినాయన వంతు వచ్చింది. ఆ గీత వెడల్పు ఎంతుండాలో నిర్ణయించిన మనిషి. గడ్డని చాలాసేపు చూసి, "మాషా అల్లాహ్" అని పక్కవాడికి అందించాడు.

నాకు ఇక ఊరుకోబుద్ధి కాలేదు. లేచి నిలబడ్డాను. "అయ్యా, ఈ మట్టి సంగతి..."

"కూర్చో కాజిం. కాఫీ చల్లారిపోతుంది," అన్నారు అబూ ముత్లక్.

"అది కాదండీ..."

నన్ను చెయ్యిపట్టి పక్కన కూర్చోబెట్టుకుని, చెవి దగ్గరగా వంగారు. ఆ వయసులో అంత నెమ్మదిగా మాట్లాడగలరని నాకు తెలియదు. "బస్తాకి ఒక దారం లాగావనుకో, అంతా కారిపోతుంది నాయనా. ఈ గదిలో ఎవరి బస్తా ఎక్కడ కుట్టారో నాకు తెలుసు. కుట్టింది నేనే."

కాఫీ నిజంగానే చల్లారింది. తాగేశాను.

షమ్మా ఆ రోజంతా బయటికి రాలేదు. పన్నెండో రోజూ రాలేదు. అబూ ధారి గారు భోజనం దివానియాకే తెప్పించుకున్నారు, ముట్టుకోలేదు. సాయంకాలం నమాజు పిలుపు వినబడుతుండగా బొరియ నోట్లోంచి తల కనబడింది. ఒళ్ళంతా మట్టి, పక్కలు లోతుకి పోయాయి, చర్మం వదులైంది. నేరుగా నీళ్ళ పళ్ళెం దగ్గరికి వెళ్ళి అడుగు కనబడేదాకా తాగింది. తర్వాత వచ్చి ఆయన చేతిలోని పూరేడు గుడ్డు తీసుకుంది. ఆయన పక్కకి తిరిగి తలపాగా సర్దుకున్నారు. సర్దుకోడానికి ఏమీ లేదు, అది బాగానే ఉంది.

పదిహేడు గుడ్లు. డాక్టర్ నెర్మీన్ తవ్వి తీసి లెక్కపెట్టింది. తీస్తుంటే ఆవిడ చేతికి తారు అంటింది. ఆ చెయ్యి చూసుకుని నా వైపు చూసింది.

తర్వాతి సోమవారం విజయోత్సవ సభ జరిగింది. శాస్త్రీయ దృక్పథంతో, పూర్వీకుల జ్ఞానంతో ఒక జటిల సమస్యని పరిష్కరించినందుకు సభ్యులందరికీ ఇత్తడి జ్ఞాపికలు ఇచ్చారు. ముద్ర వేసిన సుంకం అధికారికి ఒకటి, ప్యాకెట్ ఇసుక సూచించినాయనకి ఒకటి. మట్టి మోసిన కూలీలకి ఖర్జూరాలు ఇచ్చారు. సంఘాన్ని రద్దు చేయకుండా శాశ్వతం చేశారు, భవిష్యత్తులో పరిష్కారాలకి తగిన సమస్యలు రావచ్చునన్న ఆశతో.

గుడ్లలో పదమూడు పిల్లలయ్యాయి. పదమూడింటికీ ముందే పోటీ. పిల్ల దక్కినవాళ్ళు ఒక్కొక్కరే నా కొట్టుకి వస్తున్నారు. మొదట అబూ ముత్లక్ వచ్చారు, కర్రతో నేల తడుముకుంటూ, అటూ ఇటూ చూసి.

"పిల్లకి మట్టి కావాలి."

"ఏ మట్టండీ?"

"అదే. ఆ గీత ఉన్నది."

"వంశ పత్రం ఉండదండీ దానికి."

"నేను రాసుకుంటాలే," అన్నారు.

తర్వాత ఇంజనీరుగారొచ్చారు. తర్వాత ఇంకొకరు. నేను నిజాయితీగా కొట్టు ముందు 'రోడ్డు తవ్విన మట్టి, పిడికిట్లో నిలుస్తుంది' అని బోర్డు పెట్టి చూశాను. నెల్లాళ్ళు ఒక్క బస్తా కదల్లేదు. పిల్లలు పెరిగి గుడ్లకి వేళవుతుంటే మా వీధి రోడ్డు మళ్ళీ తవ్వారు, ఈసారి ఎవరు తవ్వారో మాత్రం తెలియలేదు. బోర్డు తీసేసి ఇప్పుడు జతగా అమ్ముతున్నాను: కింద పోసుకోడానికి ఒక బస్తా, పైన చల్లుకోడానికి ఒక చిన్న సంచి. పై సంచి దహ్నా ఎరుపులో ఉంది, తీరపు తెలుపులో ఉంది, ఎవరికీ కోపం రాకుండా గులాబీలోనూ ఉంది.

ఇది చదివి నవ్వుకుంటున్నవారు మా ఊరు వస్తే తప్పక కొట్టుకి రండి. మీరు ఏ ఊరివారో, ఎవరి మనవలో నేను అడగను. పైన చల్లుకోడానికి ఏ రంగు కావాలో చెప్పండి చాలు. కింద పోసేది అందరికీ ఒకటే.